మద్యం, గంజాయి: ఒక చీకటికి తోడు మరో చీకటి

మనిషికి అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాలలో బుద్ధి చాలా గొప్పది. మంచిచెడుల విచక్షణ దానితోనే సాధ్యం. నమాజు, రోజా విధి అయ్యేది కూడా బుద్ధి ఉన్నవానికే. ఇంత విలువైన దానిని డబ్బిచ్చి మరీ పోగొట్టుకునే దురలవాటు నేడు కాలేజీ హాస్టళ్ళలోకి చొరబడింది. కొందరు విద్యార్థులు ఒకే రాత్రి, ఒకే గదిలో మద్యం తాగి, దానిమీద గంజాయి కూడా పీలుస్తున్నారు.

ఈ రెంటి వ్యాప్తి చిన్నదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు జరిపిన సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసు వారిలో 14.6 శాతం మద్యం, 2.8 శాతం గంజాయి, భంగు వంటివి వాడుతున్నారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఒకేసారి సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. ఆ విషం మన ఇళ్ళకు ఎంత దగ్గరలో ఉందో గ్రహించండి.

"గంజాయి పేరు ఖుర్ఆన్‌లో లేదు కదా!"

మద్యాన్ని హరామ్ అని ఒప్పుకునే యువకులు కొందరు గంజాయి విషయంలో ఈ సాకు చెబుతారు. దివ్యఖుర్ఆన్ (5:90) నిషేధించినది 'ఖమ్ర్'. ఈ పదానికి మూలార్థం కప్పివేయడం. తలను కప్పే వస్త్రానికి 'ఖిమార్' అనే పేరు వచ్చింది కూడా ఈ ధాతువు నుంచే. బుద్ధిని కప్పివేసేదంతా ఖమ్రేనని హజ్రత్ ఉమర్ (రజి) మింబరుపై నుంచి వివరించారు (బుఖారీ). ఎక్కువ తీసుకుంటే మత్తు కలిగించేది కొంచెమైనా నిషిద్ధమేనని దైవప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ). హషీష్ నిషిద్ధమని ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం 1328) తీర్పు చెప్పారు. ఇమామ్ జర్కషీ (మరణం 1392) దీనిపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. కనుక ఈ సాకుకు తావు లేదు.

రెండూ కలిస్తే...

"మందు తగ్గించి గంజాయితో సరిపెట్టుకుంటే నష్టం తక్కువ" అనేది మరో భ్రమ. ఒంట్లో మద్యం ఉన్నప్పుడు గంజాయిలోని టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం రక్తంలో మరింత ఎక్కువ స్థాయికి చేరుతుందని ప్రయోగాలలో తేలింది. అందుకే తల తిరగడం, చెమటలు, వాంతులు, గుండెదడ, విపరీతమైన భయం కలగవచ్చు. ఆ స్థితిలో బండి నడిపితే ప్రమాదం ఏదో ఒకటే తీసుకున్నప్పటికన్నా ఎక్కువ.

స్పృహ తప్పినవాడు వెల్లకిలా పడి వాంతి చేసుకుంటే అది శ్వాసనాళంలోకి పోయి ప్రాణం తీయవచ్చు. "మత్తు దిగితే వాడే లేస్తాడులే" అని తలుపు వేసి వెళ్ళిపోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి, 108కి ఫోన్ చేయండి. పరువు పోతుందని, పోలీసులు వస్తారని వెనుకాడకండి. ఒక ప్రాణాన్ని కాపాడటం మానవజాతినంతటినీ కాపాడటంతో సమానమని ఖుర్ఆన్ (5:32) బోధన.

చట్టం కూడా ఉపేక్షించదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కిలో లోపు గంజాయి దొరికినా ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు పొందే వీలు కూడా అందులో ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట

కొడుకు సంగతి తెలియగానే ఇంట్లోంచి వెళ్ళగొట్టే తండ్రులున్నారు. మదీనాలో అబ్దుల్లాహ్ అనే వ్యక్తి మద్యం తాగి పలుమార్లు శిక్ష పొందాడు. ఒకసారి ఎవరో అతన్ని శపించగా దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని తెలిపారు (బుఖారీ). తప్పుకు శిక్ష పడింది, కాని మనిషిని వదులుకోలేదు. మన పిల్లల విషయంలో ఇదే మనకు ఆదర్శం. తిట్టి తరిమితే వాడు చేరేది ఆ మత్తు స్నేహితుల గదికే.

వారితో కూర్చుని మాట్లాడండి. డాక్టరుకు చూపించండి. చాలాకాలంగా రోజూ తాగేవారు హఠాత్తుగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు, కనుక వైద్యుని పర్యవేక్షణ అవసరం. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446.

యువ సోదరులారా! తౌబా ద్వారం తెరిచే ఉంది. రేపటికి వాయిదా వేయకండి. అల్లాహ్ మన యువతను ప్రతి మత్తు నుంచీ కాపాడి, వారి బుద్ధిని సన్మార్గంలో నిలుపుగాక! ఆమీన్.