పుట్టగొడుగు: కూరా? పొడా? మందా?

విద్యార్థులారా! మీలో చాలామంది రెండు మూడు రాష్ట్రాల్లో చదువుకుని అడాజన్‌కు వచ్చినవారే. ఊరు మారినప్పుడల్లా కూరగాయల పేర్లు కూడా మారిపోతాయి. ఒక్క పేరు చూడండి. తెలుగులో పుట్టగొడుగు అంటాం. కొన్ని చోట్ల కుక్కగొడుగు అని కూడా అంటారు. హిందీలో కుకుర్‌ముత్తా అంటారు, అందులోనూ కుక్క ఉంది. ఇక్కడి గుజరాతీ స్నేహితులను అడిగితే ‘బిలాడీనో టోప్’ అని చెబుతారు. బిలాడీ అంటే పిల్లి, టోప్ అంటే టోపీ. మనవాళ్లకు కుక్క గొడుగులా కనిపించింది వాళ్లకు పిల్లి టోపీలా కనిపించిందన్నమాట!

అడాజన్ దుకాణాల్లో తెల్లటి బటన్ పుట్టగొడుగులు ఏడాది పొడవునా దొరుకుతాయి. కొంతకాలంగా వాటి బంధువులు మరో వేషంలో వస్తున్నాయి. రీషీ, కార్డిసెప్స్, లయన్స్ మేన్, చాగా అనే పేర్లతో క్యాప్సూళ్లు, పొడులు, కాఫీ పొట్లాలు అమ్ముతున్నారు. ‘రోగనిరోధక శక్తికి’, ‘జ్ఞాపకశక్తికి’, ‘షుగరు అదుపునకు’ అని ప్రకటనలు వస్తున్నాయి. మనం సూరత్‌లో ఉంటే తాతయ్య, అమ్మమ్మ సొంత ఊళ్లో ఉంటారు. వాళ్ల చేతిలోనూ ఫోను ఉంది. వాళ్లూ ఆ ప్రకటనలు చూస్తున్నారు. అందుకే ఆహారం, పోషక పొడి, మందు అనే మూడింటికీ తేడా ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. పుట్టగొడుగు అంటే ఏమిటి?

పుట్టగొడుగు మొక్క కాదు, జంతువూ కాదు. అది శిలీంధ్రం. దానిలో పత్రహరితం ఉండదు కాబట్టి ఎండతో ఆహారం తయారు చేసుకోలేదు. కుళ్లుతున్న ఆకులు, కర్రలు, గడ్డి నుంచి ఆహారం తీసుకుంటుంది. మనకు కనిపించే గొడుగు దాని ఒంట్లో ఒక భాగం మాత్రమే. అసలు శరీరం సన్నని దారాల వలగా మట్టిలోనో, కర్రలోనో దాగి ఉంటుంది. దాన్ని శిలీంధ్రజాలం అంటారు. మామిడి చెట్టుకు కాయ ఎలాంటిదో శిలీంధ్రజాలానికి గొడుగు అలాంటిది.

తెలుగు పేరులో ఒక శాస్త్ర సత్యం ఉంది. చెదపురుగులు తమ పుట్టల్లో ఒక రకం శిలీంధ్రాన్ని పెంచుకుని ఆహారంగా వాడుకుంటాయి. వానలు పడగానే ఆ పుట్టల మీద గొడుగులు లేస్తాయి. పుట్ట మీద లేచే గొడుగు కాబట్టి పుట్టగొడుగు.

2. కూరగా తింటే

తాజా బటన్ పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే. 100 గ్రాములు తింటే దాదాపు 3 గ్రాముల మాంసకృత్తులు, 20 కేలరీలకు కాస్త పైగా శక్తి లభిస్తాయి. కొవ్వు చాలా తక్కువ. బి విటమిన్లు, పొటాషియం, సెలీనియం, పీచు ఉంటాయి.

పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది విటమిన్ డి2గా మారుతుంది. ముక్కలుగా కోసి మధ్యాహ్నపు ఎండలో కాసేపు ఉంచితే చాలు, డి విటమిన్ బాగా పెరుగుతుంది. సూరత్‌లో ఎండకు కొదవ లేదు కదా! ‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అని సామెత. వంటింట్లో ఉన్నదాన్ని చులకనగా చూసి, దూరం నుంచి వచ్చిన సీసాను గొప్పగా చూడడం మనకు అలవాటు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. వానాకాలంలో మైదానంలోనో, తోటలోనో మొలిచిన పుట్టగొడుగులను ఎప్పుడూ తినకూడదు. డెత్ క్యాప్ వంటి విషపు జాతుల్లోని విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల తరువాతగానీ వాంతులు మొదలుకావు. ఈలోగా కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. రెండవది, జైన కుటుంబాల్లో సాధారణంగా పుట్టగొడుగులు తినరు. డబ్బా పంచుకునే ముందు స్నేహితులను అడగడం మర్యాద.

3. సీసాలో వచ్చేవి ఏవి?

రీషీ: చైనాలో లింగ్‌జీ అంటారు. చెక్కలా గట్టిగా, చేదుగా ఉంటుంది. కూరకు పనికిరాదు. అందుకే పూర్వం నీటిలో మరిగించి తాగేవారు. గుండె జబ్బుకు కారణమయ్యే షుగరు, కొలెస్టరాల్ వంటి వాటిని ఇది తగ్గిస్తుందా అని పరీక్షించిన అధ్యయనాలన్నింటినీ కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2015లో కలిపి పరిశీలించింది. టైప్ 2 మధుమేహం ఉన్నవారికి ఆ పని కోసం రీషీ ఇవ్వడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

కార్డిసెప్స్: హిమాలయాల్లో మూడు వేల మీటర్లకు పైన దొరికే ‘కీడా జడీ’ ఇదే. నేలలోని గొంగళిపురుగు శరీరంలో శిలీంధ్రం పెరిగి, దాన్ని చంపి, తల నుంచి పుల్లలా బయటికి వస్తుంది. ఉత్తరాఖండ్‌లోని పిథౌరాగఢ్ ప్రాంతపు ప్రజలు మంచు కరిగే కాలంలో కొండలెక్కి దీన్ని ఏరుతారు. అతిగా ఏరడంతో 2020లో ఇది ప్రమాదపు అంచున ఉన్న జాతుల ఎర్ర జాబితాలోకి చేరింది. తక్కువ ధర క్యాప్సూళ్లలో సాధారణంగా ఉండేది ఇది కాదు. ప్రయోగశాలలో సీసాల్లో పెంచే దాని బంధువు, కార్డిసెప్స్ మిలిటారిస్.

1993లో స్టుట్‌గార్ట్ ప్రపంచ పోటీల్లో చైనా మహిళా రన్నర్లు బంగారు పతకాలు గెలిచినప్పుడు, కోచ్ మా జున్‌రెన్ ఈ శిలీంధ్రాన్ని తమ రహస్యాల్లో ఒకటిగా చెప్పాడు. దాంతో దీని పేరు ప్రపంచమంతా మోగింది. కానీ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు రక్తపరీక్షల్లో అనుమానం రావడంతో ఆయన రన్నర్లలో ఆరుగురిని జట్టు నుంచి తప్పించారు. ఆ సంగతి ప్రకటనల్లో ఉండదు.

లయన్స్ మేన్: సింహం జూలులా తెల్లగా వేలాడుతుంది. దీన్ని కూరగానూ వండుతారు. 2009లో జపాన్‌లో 30 మంది మీద ఒక పరీక్ష జరిగింది. వారంతా 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసువారు, స్వల్ప మతిమరుపు ఉన్నవారు. 16 వారాలు మాత్రలు వాడినవారికి పరీక్షలో మార్కులు పెరిగాయి, ఆపిన నాలుగు వారాలకు మళ్లీ తగ్గాయి. ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ ముప్ఫై మంది అంటే మన తరగతిలో ఒక సెక్షను కంటే తక్కువ! పైగా వాళ్లలో ఒక్క విద్యార్థి కూడా లేరు. ‘పరీక్షలకు జ్ఞాపకశక్తి’ అని పిల్లలకు అమ్మడానికి దీన్ని ఆధారంగా చూపలేరు.

4. శిలీంధ్రం నుంచి మందు ఎలా వస్తుంది?

శిలీంధ్రాల్లో మందు గుణాలు లేవా? తప్పకుండా ఉన్నాయి. 1928లో ఫ్లెమింగ్ కనుగొన్న పెన్సిలిన్ బూజు నుంచి వచ్చిందే. కొలెస్టరాల్ తగ్గించే లోవాస్టాటిన్, అవయవ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా శిలీంధ్రాల నుంచే వచ్చాయి.

ఈ మార్గంలో నడిచిన తెలుగువాడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల పరిశోధనలకు నాయకుడు. ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ వృక్షశాస్త్రజ్ఞుడు, పుట్టగొడుగుల పెంపకం మీద 1915లో పుస్తకం రాసినవాడు. ఎన్నో చోట్ల నుంచి తెప్పించిన మట్టి నమూనాలను డగ్గర్ ఒక్కొక్కటిగా పరీక్షించాడు. ఒక మట్టిలో శిలీంధ్రంలా దారాలు పెంచే ఒక బాక్టీరియా దొరికింది. దాని నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948లో ప్రపంచానికి అందింది. వాళ్లు మట్టిని పొడి చేసి సీసాలో నింపి అమ్మలేదు. పనిచేసే ఒక్క పదార్థాన్ని వేరు చేశారు, శుద్ధి చేశారు, ఎంత ఇవ్వాలో కొలిచారు, రోగుల మీద పరీక్షించారు. మందు అంటే ఇదే.

పుట్టగొడుగులు కూడా ఈ దారిలో కొంత దూరం నడిచాయి. వాటి కణకవచంలో బీటా గ్లూకాన్లు అనే చక్కెర గొలుసులుంటాయి. మన రోగనిరోధక కణాలు వాటిని గుర్తుపట్టి స్పందిస్తాయి. టర్కీ టెయిల్ నుంచి తీసిన క్రెస్టిన్‌ను 1977లో, షిటాకే నుంచి తీసిన లెంటినాన్‌ను 1985లో జపాన్ అనుమతించింది. అయితే వాటిని క్యాన్సర్ చికిత్సకు తోడుగా వైద్యుల పర్యవేక్షణలో వాడారు, చికిత్సకు బదులుగా కాదు. అమెరికా ఔషధ సంస్థ ఏ పుట్టగొడుగునూ క్యాన్సర్ మందుగా అనుమతించలేదు.

5. ప్రమాదాలు ఎక్కడున్నాయి?

మరిగించిన నీరు వేరు, పొడి వేరు: 2004లో హాంకాంగ్‌లో ఒక వృద్ధురాలు మరిగించిన లింగ్‌జీ మాని పొడి వాడడం మొదలుపెట్టాక కాలేయం దెబ్బతిన్నది. 2007లో థాయ్‌లాండ్ వైద్యులు లింగ్‌జీ పొడి వాడిన ఒక రోగి కాలేయం పాడై మరణించిన సంగతి నమోదు చేశారు. ఇలాంటివి అరుదు. కానీ ఎవరికి జరుగుతుందో ముందే చెప్పలేం.

అతిగా వాడితే: చాగాలో ఆక్సలేట్ ఎక్కువ. జపాన్‌లో ఆరు నెలల పాటు రోజూ నాలుగైదు చెంచాల పొడి తిన్న ఒక మహిళ మూత్రపిండాలు చెడిపోయాయి.

మాత్రలతో కలిస్తే: రీషీ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారికి అది ప్రమాదం. షుగరు, బి.పి. మాత్రలతో కలిస్తే అవి మరీ పడిపోవచ్చు. అవయవ మార్పిడి జరిగినవారు రోగనిరోధక శక్తిని కావాలనే తగ్గించుకుంటారు. దాన్ని పెంచేది వారికి హాని.

సరిగా ఉడకకపోతే: పచ్చి షిటాకే తిన్న కొందరికి ఒంటి మీద కొరడా దెబ్బల్లాంటి ఎర్రని చారలు వస్తాయి. బాగా ఉడికించి తింటే ఆ బెడద ఉండదు.

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం పొడిలో లేదు. పొడిని నమ్మి అసలు మాత్ర మానేయడంలో ఉంది.

6. సీసా మీద ఏం చదవాలి?

2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో అమెరికాలో కొన్న 19 రకాల రీషీ ఉత్పత్తులను పరీక్షించారు. లేబుల్‌పై రాసిన దానికి సరిపోయినవి ఐదే! ఎందుకిలా? శిలీంధ్రజాలాన్ని బియ్యం, జొన్న వంటి గింజల మీద పెంచి, గింజలతో సహా పొడి చేసి అమ్మేవారు ఉన్నారు. అందులో పుట్టగొడుగు కంటే పిండి ఎక్కువ. ‘పాలీశాకరైడ్లు 30 శాతం’ అని రాసి ఉన్నా మోసపోకండి, పిండి కూడా పాలీశాకరైడే. బీటా గ్లూకాన్ ఎంతో విడిగా రాశారా అని చూడాలి.

మన దేశంలో ఇవి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నియమాల కిందికి వస్తాయి. ఆ సంస్థ గుర్తు, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. ‘ఔషధంగా వాడడానికి కాదు’ అనే అర్థం వచ్చే మాట తప్పక ఉండాలి. ముందువైపు ‘షుగరు నయం’ అని పెద్ద అక్షరాలు, వెనుకవైపు ‘ఔషధం కాదు’ అని చిన్న అక్షరాలు కనిపిస్తే ఏది నమ్మాలో మీరే చెప్పండి. మధుమేహం, క్యాన్సర్ వంటి వ్యాధులను నయం చేస్తుందంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

7. ఇంటికి ఫోను చేసినప్పుడు

పెద్దలకు పాఠం చెప్పినట్టు కాకుండా, ప్రేమగా అడిగితే వాళ్లు దాచకుండా చెబుతారు. ఇలా అడగవచ్చు:

“తాతయ్యా, బి.పి. మాత్ర మానకుండా వేసుకుంటున్నారా?”
“అమ్మమ్మా, కొత్తగా ఏమైనా పొడి వాడుతున్నావా? ఆ సీసా ఫొటో పంపుతావా?”
“ఈసారి డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సీసా కూడా తీసుకెళ్లండి.”

కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, చిన్న గాయానికే రక్తం ఆగకపోవడం, ఒంటి మీద దద్దుర్లు రావడం కనిపిస్తే పొడి ఆపి, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లమనండి. మీరు మాత్రం వైద్యుడు చెప్పకుండా ఇలాంటివి వాడవద్దు. పిల్లల మీద వీటిని సరిగా పరీక్షించలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పొడులు కూడా వద్దనే చెప్పింది. రకరకాల ఆహారం తినడమే మేలని దాని సలహా.

గుర్తుంచుకుందాం

• ఆహారం ఆకలికి, పోషణకు. మందు నిరూపణ, శుద్ధి, కొలత ఉన్నది. పోషక పొడి ఈ రెంటి మధ్యా నిలబడి మందు పేరు చెప్పుకుంటుంది.
• ‘ప్రకృతి సిద్ధం’ అన్నంత మాత్రాన హాని లేనిదని కాదు. డెత్ క్యాప్ కూడా ప్రకృతి సిద్ధమే.
• పొడి వాడినా మాత్ర మానకూడదు. పొడి సంగతి వైద్యుడికి దాచకూడదు.

చేసి చూద్దాం

1. ఉపాధ్యాయుల సమక్షంలో ఎండబెట్టిన బటన్ పుట్టగొడుగు పొడిని, బియ్యప్పిండిని విడివిడిగా నీటిలో కలిపి, ఒక్కో చుక్క అయోడిన్ వేయండి. ఏది నీలి నలుపుగా మారింది? గింజల మీద పెంచిన పొడిని ఈ పరీక్షతో ఎలా పట్టుకోవచ్చు?
2. మీ తరగతిలోని మిత్రుల మాతృభాషల్లో పుట్టగొడుగును ఏమంటారో సేకరించి, ఆ పేర్ల అర్థాలు రాయండి.
3. ఇంట్లో ఉన్న ఏదైనా పోషక పొడి డబ్బా మీద ముందువైపు మాటలను, వెనుకవైపు మాటలను రెండు వరుసల్లో రాసి పోల్చండి.

పదాల అర్థాలు

శిలీంధ్రం: బూజు, పుట్టగొడుగు వంటి జీవుల వర్గం
శిలీంధ్రజాలం: శిలీంధ్రపు దారాల వల
పత్రహరితం: ఆకులకు పచ్చరంగునిచ్చే పదార్థం
రోగనిరోధక శక్తి: రోగాన్ని ఎదుర్కొనే ఒంటి బలం
అవయవ మార్పిడి: చెడిన అవయవం స్థానంలో మరొకరి అవయవం అమర్చడం