హ్యాండిలు విరగక ముందే

ఆ ఊళ్ళో పాలక్క అంటే తెలియని వాళ్ళు లేరు. ఆమెకు రెండు గేదెలున్నాయి. తన పాలతో పాటు చుట్టుపక్కల నాలుగిళ్ళ పాలు కూడా పాల కేంద్రానికి చేరుస్తుంది. కేంద్రం మూడు కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు క్యాన్లు పట్టుకుని నడిచి వెళ్ళేది. ఇప్పుడు సైకిలు మీద వెళ్తోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో కూతురు అదే సైకిలు మీద పక్క ఊరి హైస్కూలుకు వెళ్తుంది. కూతురు పదో తరగతి.

పాలక్క క్యాన్లను హ్యాండిలుకే తగిలించేది. ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి. ఒక్కో దానిలో పది లీటర్ల పాలు.

ఒకనాడు హ్యాండిలు కిర్రు కిర్రుమంది. పాలక్క పట్టించుకోలేదు. నాలుగు రోజులకు హ్యాండిలు కాస్త కిందికి జారింది. పక్కింట్లో పానా అడిగి తెచ్చింది. బోల్టు బిగించింది. ఇంకా గట్టిగా ఉండాలని పానాకు ఇనప గొట్టం తొడిగి, బలం కొద్దీ తిప్పింది. కిర్రుమనడం ఆగిపోయింది. "అమ్మయ్య, బాగైపోయింది" అనుకుంది.

రెండు రోజులు గడిచాయి. పొద్దున పాలు తీసుకుని కాలవ గట్టు దిగుతోంది. ముందు చక్రం గుంతలో పడింది. టప్పుమని చప్పుడు. హ్యాండిలు ఊడి చేతుల్లోకి వచ్చేసింది. పాలక్క బోర్లా పడింది. గడ్డం చీరుకుపోయింది. మోచేయి దోక్కుపోయింది. ఇరవై లీటర్ల పాలూ మట్టిపాలయ్యాయి.

దెబ్బ కన్నా ఒక ఆలోచన ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఇంకో గంట ఆగి ఉంటే ఆ సైకిలు మీద కూతురు ఉండేది. అదీ లారీలు తిరిగే రోడ్డు మీద.

విరిగిన ముక్క ఏం చెప్పింది?

సాయంత్రం గడ్డానికి కట్టుతోనే పాలక్క సైకిలు షాపుకు వెళ్ళింది. షాపు బాబాయి విరిగిన ముక్కను గుడ్డతో తుడిచాడు. వెలుతురులో పెట్టి చూపించాడు.

"చూడమ్మా, దీన్ని క్లాంపు అంటారు. హ్యాండిలు కడ్డీని చుట్టూ పట్టుకుని ఉండేది ఇదే. దీనికి రెండు చెవులున్నాయి. ఈ రెండు చెవుల్నీ కలిపి బిగించేది బోల్టు. నీ సైకిలుకు ఒక చెవి మొదట్లో విరిగింది."

"రెండ్రోజుల కిందటే గట్టిగా బిగించాను గదా బాబాయ్! మరి ఎందుకు విరిగింది?"

"ముందు ఇది చూడు. విరిగిన చోట రెండు రంగులున్నాయా?"

పాలక్క దగ్గరగా చూసింది. సగం పైగా నల్లగా, మాసినట్టు ఉంది. మిగతాది కొత్త రూపాయిలా తళతళలాడుతోంది.

"ఈ నల్లది పాత పగులు. చాలా రోజుల కిందటే మొదలైంది. లోపలికి మట్టీ చెమ్మా చేరి నల్లబడింది. మెరిసేది ఇవాళ విరిగిన భాగం. ఇన్నాళ్ళూ నీ బరువునూ పాల బరువునూ ఈ కాస్త ముక్కే మోసింది. ఇవాళ దానికీ చేతకాలేదు."

అంటే హ్యాండిలు ఒక్కసారిగా విరగలేదు. ముందే చెప్పింది. కిర్రుమంటూ చెప్పింది. కిందికి జారి చెప్పింది. ఆ మాట పాలక్కకు అర్థం కాలేదు.

ఇనుము కూడా అలిసిపోతుంది

బాబాయి ఒక సన్నని తీగముక్క తీసి ఆమె చేతికిచ్చాడు.

"దీన్ని తెంపు చూద్దాం."

పాలక్క రెండు చేతులతో లాగింది. తెగలేదు.

"ఇప్పుడు ఇటూ అటూ వంచు."

ఇటు వంచింది. అటు వంచింది. కాసేపటికి తీగ పుటుక్కున తెగింది.

క్లాంపు విషయంలోనూ అంతే. ఒక్క గుంతకు క్లాంపు విరగదు. కానీ గుంతలో పడ్డ ప్రతిసారీ అది కంటికి కనిపించనంత కొంచెం వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. అలా వేలసార్లు జరిగితే ఒకచోట వెంట్రుకంత పగులు పుడుతుంది. తర్వాత ప్రతి కుదుపుకూ ఆ పగులు కాస్త కాస్త పెరుగుతుంది. చివరికి విరుగుతుంది.

మరి పగులు ఎక్కడ పుడుతుంది? కొత్త గుడ్డను చేత్తో చించడం కష్టం. అంచున కత్తెరతో చిన్న గాటు పెడితే సర్రున చిరుగుతుంది. లోహం కూడా అలాంటిదే. గీత పడిన చోట, తుప్పు తిన్న చోట, బోల్టు రంధ్రం పక్కన, చెవి మొదట్లో, పదునైన మూల దగ్గర పగులు పుడుతుంది.

పగులు రావడానికి కారణాలు

1. మితిమీరి బిగించడం. పచ్చడి సీసా మూతను మరీ గట్టిగా తిప్పితే మూత పగులుతుంది. క్లాంపు కూడా అంతే. పానాకు గొట్టం తొడిగితే మన బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. చెవులు వంగిపోతాయి. బోల్టు మరలు కూడా పాడవుతాయి.

2. వదులుగా వదిలేయడం. వదులైతే హ్యాండిలు లోపల కదులుతూ ఉంటుంది. ప్రతి కుదుపుకూ ఒకే అంచు మీద దెబ్బ పడుతుంది. కాబట్టి మరీ గట్టిగానూ వద్దు, మరీ వదులుగానూ వద్దు.

3. కొలత కలవకపోవడం. ఒక సైకిలు హ్యాండిలు ఇంకో సైకిలు క్లాంపుకు సరిపోకపోవచ్చు. చాలా హ్యాండిళ్ళు క్లాంపు పట్టే చోట 25.4 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. అంటే ఒక అంగుళం. ఇంకో కొలతవీ ఉన్నాయి. తేడా కంటికి తెలియదు. సన్నని కడ్డీ పెట్టి రేకుముక్క దోపి బిగిస్తే పట్టు ఒకేలా ఉండదు. లావు కడ్డీ పెట్టాలని స్క్రూడ్రైవరు దోపి చెవులు విడదీస్తే, ఆ రోజే పగులుకు పునాది పడుతుంది.

4. హ్యాండిలుకు బరువు తగిలించడం. పది లీటర్ల పాలు పది కిలోల పైనే తూగుతాయి. క్యాన్ల బరువు వేరే. గుంతలో పడ్డప్పుడు ఆ బరువు ఒక్క ఊపున కిందికి లాగుతుంది. అదంతా క్లాంపు మీదే పడుతుంది.

5. హ్యాండిలును మరీ పైకి లేపడం. హ్యాండిలు కాడ మీద ఒక గీత ఉంటుంది. ఎత్తు పెంచుకోవడానికి ఆ గీత బయటికి కనిపించేంత పైకి లాగకూడదు. కాడ లోపల చాలినంత లేకపోతే అక్కడే విరుగుతుంది.

6. తుప్పు, చెమట, ఉప్పుగాలి. వానలో ఉన్న సైకిలును తుడవకపోతే లోహం తినేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇంకా తొందరగా తినేస్తుంది.

ఇనుమా? అల్యూమినియమా?

కొన్ని సైకిళ్ళకు క్లాంపు ఇనుముతో చేస్తారు. కొన్నింటికి అల్యూమినియం కలిసిన లోహంతో చేస్తారు. అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే అల్యూమినియం అనుకోవచ్చు.

ఇనుము చాలాసార్లు ముందు వంగి, తర్వాత విరుగుతుంది. అల్యూమినియం ముక్క పెద్దగా వంగకుండానే ఫట్టున విరగవచ్చు. ఇనుముకు పగులుంటే రంగు మీద ఎర్రటి తుప్పు గీత కనిపిస్తుంది. అల్యూమినియానికి పగులుంటే సన్నని నల్లగీత కనిపిస్తుంది.

చదువు కేంద్రంలో ఆదివారం

తర్వాతి ఆదివారం పాలక్క చదువు కేంద్రానికి విరిగిన ముక్క తీసుకెళ్ళింది. అందరికీ రెండు రంగులూ చూపించింది. ఏడుగురు తమ సైకిళ్ళు తెచ్చి చెట్టు కింద పెట్టారు. కుట్టుమిషను అక్క తన దగ్గరున్న అయస్కాంతం తెచ్చింది. కింద పడ్డ సూదులు ఏరడానికి ఆమె దాన్ని దాచుకుంటుంది.

వాళ్ళు ఇలా పరీక్ష చేశారు:

• ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో క్లాంపును తుడిచారు. మట్టి ఉంటే పగులు కనిపించదు.

• ఎండ వెలుతురులో చుట్టూ చూశారు. కింది వైపు కూడా వంగి చూశారు.

• గోటితో మెల్లగా గీశారు. గోరు ఎక్కడైనా తట్టుకుంటుందా అని చూశారు.

• రెండు చెవుల మధ్య సందు చూశారు. బిగించాక కూడా కొంచెం సందు ఉండాలి. చెవులు రెండూ అంటుకుపోతే కడ్డీ సన్నదని అర్థం. ఇంకా బిగించి లాభం లేదు.

• ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి హ్యాండిలును ఇటూ అటూ తిప్పి చూశారు. తర్వాత కిందికి నొక్కి చూశారు. కదిలిందా? కిర్రుమందా?

ఆరు సైకిళ్ళు బాగానే ఉన్నాయి. ఏడోది అంగన్‌వాడీ ఆయాది. దాని క్లాంపుకు చెవి మొదట్లో సన్నని నల్లగీత ఉంది. గోరు తట్టుకుంది.

"గీతే గదా వదినా! వెల్డింగు పెట్టిస్తే సరిపోదా?" అంది ఆయా.

"నేనూ బాబాయిని అదే అడిగాను" అంది పాలక్క. "పనికిరాదన్నాడు. ఆ వేడికి పక్కనున్న లోహం బలం తగ్గుతుందట. అతుకు నిలిచినా దాని పక్కన మళ్ళీ పగులుతుందట. ముక్క మార్చడమే మంచిదన్నాడు."

"ఈ నెల చేతిలో డబ్బు లేదు వదినా. వచ్చే నెల మారుస్తాలే. అప్పటిదాకా మెల్లగా తొక్కుతా."

పాలక్క తన గడ్డం మీది కట్టు చూపించింది. "నేనూ మెల్లగానే దిగాను."

ఆయా ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రమే పొదుపు సంఘం వాళ్ళు కూర్చున్నారు. ముక్క ఖరీదు, కూలి కలిపి ఆయాకు అప్పు ఇచ్చారు. ఆయా అప్పు పుస్తకంలో అంకె చదువుకుని సంతకం పెట్టింది. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ షాపుకు తీసుకెళ్ళింది.

పాలక్క ఇప్పుడేం చేస్తోంది?

కొత్త క్లాంపు కొనేటప్పుడు తన హ్యాండిలు కడ్డీని వెంట తీసుకెళ్ళి, కొలత చూసి కొన్నది. బోల్టు మరలకు కాస్త గ్రీజు రాయించింది. పొట్టి పానాతో బిగించమంది. గొట్టం తొడగనివ్వలేదు. క్యాన్లను వెనక క్యారియరుకు రెండు వైపులా సమానంగా, కిందికి ఉండేలా కట్టించింది. వానలో తడిసిన రోజు సైకిలును పొడిగుడ్డతో తుడుస్తోంది. ప్రతి ఆదివారం కూతురూ తనూ కలిసి క్లాంపు చూస్తున్నారు.

కొన్ని కొత్త సైకిళ్ళకు క్లాంపు ముందు వైపు మూతలాంటి ముక్క, దానికి నాలుగు బోల్టులు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే పూర్తిగా బిగించకూడదు. ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా తిప్పుతూ అన్నీ సమానంగా బిగించాలి. కొన్ని క్లాంపుల మీద ఎంత బిగించాలో చెప్పే అంకె ముద్రించి ఉంటుంది. ఇప్పుడు మీకు చదువు వచ్చు. ఆ అంకె చదివి మెకానిక్కుకు చూపించండి.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్ళకు చదువుతో పాటు సైకిలు కూడా నేర్పింది. వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలెక్కారు. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా తమ పనులకు తామే వెళ్ళారు. మనకు కూడా సైకిలు అలాంటి తోడే. తోడును మనమే చూసుకోవాలి. దాని మూలుగు మనమే వినాలి.

గుర్తుంచుకోండి

• కిర్రుమంటే ఆగండి. చూడండి. ఊరికే బిగించి ఊరుకోకండి.
• పగులు కనిపిస్తే సైకిలు ఎక్కకండి. నడిపించుకుని వెళ్ళండి.
• పెద్ద దెబ్బ తగిలి పడిన సైకిలును పరీక్ష చేయించకుండా తొక్కకండి.
• బరువు హ్యాండిలుకు కాదు, క్యారియరుకు కట్టండి.

లెక్క చేయండి

పాలక్క వెళ్ళే దారిలో 50 గుంతలున్నాయి అనుకోండి. ఒకసారి వెళ్ళి వస్తే ఎన్ని కుదుపులు? రోజుకు రెండుసార్లు వెళ్ళి వస్తే ఎన్ని? 30 రోజులకు ఎన్ని?
(జవాబులు: 100, 200, 6,000)

జవాబులు రాయండి

1. విరిగిన ముక్కలో రెండు రంగులు ఎందుకున్నాయి?
2. పానాకు గొట్టం తొడిగితే ఏమవుతుంది?
3. రెండు చెవుల మధ్య సందు ఎందుకు చూడాలి?

మాట్లాడుకోండి

ఆయా వచ్చే నెల దాకా ఆగి ఉంటే ఏమయ్యేది? మీ ఇంట్లో సైకిలును ఎవరెవరు తొక్కుతారు? దాన్ని చివరిసారి ఎప్పుడు తుడిచి చూశారు?