కటి కండరాల వ్యాయామం, బయోఫీడ్‌బ్యాక్: ఇంటిలో చదివి వినిపించవలసిన పాఠం



ఉపకారవేతనం అందుకుంటున్న మీలో చాలామంది సాఖర్‌పేట్, అశోక్‌చౌక్, కుంభారి విడి ఘర్‌కుల్ వంటి చోట్ల నుండి వచ్చినవారే. తండ్రి పవర్‌లూం దగ్గర నిలబడి, తల్లి బీడీల చాట ముందు కూర్చుని మీ చదువు సాగిస్తున్నారు. ఆ తల్లులలో కొందరికి ఎవరికీ చెప్పుకోని బాధ ఒకటి ఉంటుంది. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడుతుంది. కొందరు ఆపుకోలేక పరుగెత్తవలసి వస్తుంది. కొందరికి గర్భసంచి కిందికి జారినట్లు బరువుగా ఉంటుంది. "పిల్లలు పుట్టాక అందరికీ ఇంతే" అని ఊరుకుంటారు. అది తలరాత కాదు. చాలామందిలో అది కండరాల బలహీనత. కండరానికి శిక్షణ ఇవ్వవచ్చు.

ఈ మౌనం ఎంత లోతైనదో మన మహారాష్ట్రలోనే తెలిసింది. డా. రాణీ బంగ్, డా. అభయ్ బంగ్ గడ్చిరోలి జిల్లాలోని రెండు గ్రామాలలో 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో "లాన్సెట్" పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉన్నట్లు తేలింది. అంతకు ముందు పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మందే.

1. ఈ కండరాలు ఎక్కడ ఉంటాయి?

ముందున్న జఘనాస్థి నుండి వెనుక తోకఎముక వరకు, నడుము ఎముకల గిన్నెకు అడుగున, ఊయలలాగా కట్టిన కండరాల పొర ఉంటుంది. మూత్రాశయం, గర్భాశయం, పెద్దపేగు చివరి భాగం దానిపై ఆని ఉంటాయి. ఆ పొర బిగిస్తే ద్వారాలు మూసుకుంటాయి, వదిలితే తెరుచుకుంటాయి. కాన్పులో అది బాగా సాగుతుంది, కొన్నిసార్లు చిరుగుతుంది. ఆ తర్వాత మానని దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, అధిక బరువు, వయస్సు దానిని ఇంకా వదులు చేస్తాయి. పొగాకు దుమ్ముతో దగ్గే తల్లికి ప్రతి దగ్గూ ఈ పొర మీద ఒక దెబ్బే.

బట్టలు తడుస్తాయని చాలామంది నీళ్ళు తాగడం తగ్గిస్తారు. దాని వల్ల మేలు లేదు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, మలం గట్టిపడి ముక్కవలసి వస్తుంది. బాధ పెరుగుతుంది.

2. వ్యాయామం ఎలా చేయాలి?

అపానవాయువు బయటికి రాకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరం లోపలికి, పైకి లాగుతుందో గమనించండి. అదే మనకు కావలసినది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి మొదలుపెట్టాలి. అయిదు అంకెలు లెక్కపెట్టేవరకు బిగించి, అంతే సేపు పూర్తిగా వదలాలి. క్రమంగా పది అంకెల వరకు పెంచాలి. ఒక్కో సారి కనీసం 8 బిగింపులు, రోజుకు మూడుసార్లు, కనీసం 3 నెలలు చేయాలి. మధ్యలో మానేస్తే ఫలితం కనబడదు.

ఊపిరి బిగపట్టకూడదు. పిరుదులు, తొడలు బిగించకూడదు. కిందికి ముక్కకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకూడదు. బలం వచ్చాక, దగ్గు రాబోతుండగా, బిందె ఎత్తబోయే ముందు ఒకసారి బిగించే అలవాటు చేసుకోవాలి.

3. బయోఫీడ్‌బ్యాక్ అంటే ఏమి?

చేతి కండరం బిగిస్తే కంటికి కనబడుతుంది. ఇది కనబడదు. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు నోటిమాటగా వ్యాయామం చెప్పి పరీక్షించగా, సరిగ్గా చేసినవారు దాదాపు సగం మందే. నూటికి 25 మంది హాని కలిగించగల పద్ధతిలో చేశారు. కనుక చేస్తున్నది సరియో కాదో తెలియాలి. డా. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు 1948లోనే దీనికి పెరీనియోమీటర్ అనే సాధనాన్ని పరిచయం చేశాడు. యోనిలో ఉంచిన గాలి సంచిని కండరం నొక్కితే బయట ఉన్న ముల్లు కదిలేది. ఇప్పుడు చిన్న సెన్సారు కండరపు విద్యుత్ సంకేతాన్ని పట్టి తెర మీద గీతగా చూపిస్తుంది. శరీరం చేసే పనిని ఇలా కంటికి చూపి సరిదిద్దుకోనివ్వడమే బయోఫీడ్‌బ్యాక్.

ఐతే యంత్రం లేదని నిరాశపడనక్కర లేదు. బ్రిటన్‌లో మూత్రం జారే 600 మంది స్త్రీలపై చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. చక్కగా నేర్పిన వ్యాయామానికి విద్యుత్ బయోఫీడ్‌బ్యాక్ జోడించినా, రెండేళ్ళ తర్వాత అదనపు లాభం కనబడలేదు. అసలు మందు సరిగ్గా నేర్పే మనిషి, విడవని సాధన. మలవిసర్జన వేళ కండరాన్ని వదలవలసింది పోయి బిగించేవారి మలబద్ధకంలో మాత్రం బయోఫీడ్‌బ్యాక్ బాగా పనిచేస్తుంది. వారు నేర్చుకోవలసింది వదలడం.

4. జాగ్రత్త

అందరికీ బిగింపు మంచిది కాదు. కటి నొప్పి, కలయికలో నొప్పి, మూత్రం పూర్తిగా రాకపోవడం ఉంటే కండరం అతిగా బిగిసి ఉండవచ్చు. పరీక్ష కాకుండా వ్యాయామం మొదలుపెట్టవద్దు. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, లేదా యోని నుండి గడ్డలాగా బయటికి రావడం కనబడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపాలి. హఠాత్తుగా తొడల మధ్య తిమ్మిరితో మూత్రం అదుపు తప్పితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. వైశంపాయన్ వైద్య కళాశాలకు చెందిన సివిల్ ఆస్పత్రిలో స్త్రీల విభాగానికి వెళ్ళి, ఫిజియోథెరపీ గురించి నోరు తెరిచి అడగాలి. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం జారే మగవారికి కూడా ఈ వ్యాయామం ఉపయోగపడుతుంది.

5. మీ వంతు

12వ తరగతిలో జీవశాస్త్రం చదువుతున్నవారు ఫిజియోథెరపీ డిగ్రీ (బి.పి.టి.) గురించి ఆలోచించండి. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఈ వృత్తికి జాతీయ కమిషన్‌ను ఏర్పరచింది. సిగ్గుపడే తల్లి తన బాధను తన భాషలోనే చెప్పుకోగలదు. తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన మన అమ్మాయి ఎదురుగా కూర్చుంటే సగం భయం పోతుంది.

అంతవరకు ఒక పని చేయండి. తెలుగు మాట్లాడినా చదవడం రానివారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. ఈ పాఠాన్ని అమ్మకు, అత్తమ్మకు, వదినకు చదివి వినిపించండి.

అభ్యాస ప్రశ్నలు

1. నీళ్ళు తగ్గిస్తే బాధ ఎందుకు పెరుగుతుంది?
2. బిగింపు ఎన్ని, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని నెలలు?
3. బయోఫీడ్‌బ్యాక్ ఎవరికి ఎక్కువ ఉపయోగం? ఎందుకు?
4. బిగింపు వ్యాయామం ఎవరు పరీక్ష లేకుండా చేయకూడదు?