స్కర్టింగ్ ఊడదీశాక గోడకు ఏం పూయాలి?

ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంనాటి ఇటుక గోడలు ఇంకా చాలానే నిలిచి ఉన్నాయి. రైల్వే పనికి ఆంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాల తర్వాతి తరాలూ అక్కడే ఉన్నాయి. అలాంటి మా బంధువుల పాత ఇంట్లో గోడ అడుగున ఉన్న చెక్క స్కర్టింగ్‌కు చెదలు పట్టడంతో ఊడబెరికారు. దాంతోపాటే జానెడు ఎత్తున గోడ పూత కూడా ఊడి వచ్చింది. మేస్త్రీ ఆ పూటే సిమెంటు పూసి చదును చేశాడు. ఒక వానాకాలం గడిచేసరికి సిమెంటు అలాగే ఉంది కానీ, దానికి పైన ఉన్న పాత సున్నపు పూత పొక్కులు లేచి రాలడం మొదలుపెట్టింది.

సిమెంటు నాసిరకం కాదు, అది ఆ గోడకు సరిపడలేదంతే.

ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా నేలలోని నీరు పైకి పాకుతుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టే. రంధ్రం ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకు పోగలదు: వ్యాసార్ధం 1 మి.మీ. అయితే ఒకటిన్నర సెంటీమీటర్లు, 0.01 మి.మీ. అయితే లెక్క ప్రకారం ఒకటిన్నర మీటర్లు. నిజమైన గోడలో అంత ఎత్తుకు చేరకముందే చాలా నీరు పూతలోంచి ఆవిరైపోతుంది. సున్నపు పూత ఆ ఆవిరిని సులువుగా బయటికి వదులుతుంది. దట్టమైన సిమెంటు పూత అంతగా వదలదు. దారి మూసుకుపోయిన నీరు ఇంకా పైకెక్కి, సిమెంటు అంచు దాటాక ఆవిరవుతుంది. అందులో కరిగి ఉన్న లవణాలు అక్కడే స్ఫటికాలుగా మారతాయి. ఉదాహరణకు సోడియం సల్ఫేట్ నీటిని కలుపుకుని స్ఫటికమైతే దాని ఘనపరిమాణం దాదాపు నాలుగు రెట్లవుతుంది. పూతను లోపలినుంచి పగలగొట్టేది ఆ ఒత్తిడే.

కాబట్టి ముందు మీ పూత ఏ రకమో చూడండి. మేకుతో గీస్తే సులువుగా పొడి రాలితే అది బహుశా సున్నం. గీత పడటమే కష్టమైతే సిమెంటు. దానికి సిమెంటు, ఇసుక మిశ్రమమే వాడవచ్చు. తర్వాత ఒక ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీటి బిందువులు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. పగిలిన తూమో, గోడ పక్కన పోసిన మట్టికుప్పో కారణమైతే ముందు దాని సంగతి చూడాలి.

సున్నపు గోడకు సున్నమే పూయాలి. వేలి కణుపుతో తట్టి, డొల్లగా మోగినంత మేరా పాత పూతను తీసేయాలి. దుమ్ము దులిపి ఇటుకను తడపాలి. లేకపోతే పొడి ఇటుక కొత్త పూతలోని నీటిని లాగేసుకుంటుంది. ఒక పాలు తడి సున్నానికి మూడు పాళ్లు ఇసుక, ఇటుక పొడి కలిపి పూయండి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడుతుంది, కానీ నిత్యం చెమ్మగా ఉండే చోట ఇది బాగా నెమ్మది. బాగా కాలిన ఇటుక పొడిలోని సిలికా, అల్యూమినా తడిలోనూ సున్నంతో కలిసి గట్టిపడతాయి. మన పెద్దలు ఇందులో కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా కలిపేవారు. ఈ జానెడు పనికి అవి లేకపోయినా ఫరవాలేదు. సున్నం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది కాబట్టి చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి.

ఒక్కో పొర సెంటీమీటరు మించకూడదు. అది గట్టిపడ్డాకే రెండోది. కొన్ని రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచండి. పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే మళ్లీ దారి మూసినట్టే, వెల్ల వేయండి. పూతను నేలకు తాకించకుండా కాస్త ఎడం వదిలితే గచ్చు మీది నీరు దానిలోకి పాకదు. ఆ ఎడాన్ని కొత్త స్కర్టింగ్ కప్పేస్తుంది.