రాజు మతమార్పు - రాజ్యధర్మము

రాజు పూర్వమతమును వీడి నూతనమతము గైకొనుట ఒక్కనాటి పనియా? రోమక చక్రవర్తి కాన్‌స్టాంటైను చరిత్రము కాదనుచున్నది. 312వ సంవత్సరమున రోము చెంత యుద్ధము గెలిచి, ఆ విజయము క్రీస్తుప్రసాదమని నమ్మెను. 313లో క్రైస్తవులకు ఆరాధనాస్వాతంత్ర్య మొసంగెను. అయినను మఱికొన్ని యేండ్లు ఆతని నాణెములపై సూర్యదేవుడు నిలిచియే యుండెను. 325లో నైసియా సభను గూర్చెను. బాప్తిస్మము మాత్రము 337లో, అవసానకాలమున పొందెను.

ఇట్టి విషయమున విచారింపదగిన దృష్టాంతము మన కృష్ణాతీరమునను గలదు. నాగర్‌కర్నూలు సీమవారికి పరిచితమైన నల్లమల శ్రేణుల యంచున, నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి యుండెను. ఆ లోయ నేడు నాగార్జునసాగరమున మునిగియున్నది. శాసనములు మాత్రము దక్కినవి. క్రీ. శ. 3వ శతాబ్దమున వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు వాజపేయాశ్వమేధములు చేసిన వైదికుడు, మహాసేనుని భక్తుడు. ఆతని తోబుట్టువు చాంతిసిరి బౌద్ధోపాసిక. అన్నకొడుకు వీరపురుషదత్తుని 6వ పాలనవర్షమున ఆమె మహాచైత్యమును పూర్తి చేయించెను. మఱియొక మేనత్త హమ్మసిరి కుమార్తెల నిరువుర నాతడు వివాహమాడెను. వారును చైత్యమునకు స్తంభములిచ్చిరి. మేనఱికము మనకు క్రొత్తది కాదుగదా! నూతనధర్మము రాజాజ్ఞచే గాక, అంతఃపురస్త్రీల దానములచే వేళ్లూనెను.

రాజు తాను మతము మార్చెనా? శివలింగమును రాజొకడు త్రొక్కుచున్నట్లు తోచు శిల్పమును జూపి, కొందఱు అవుననిరి, ఒప్పనివారును గలరు. ఒక్క శిల్పముపై తీర్పు చెప్పుట న్యాయము గాదు. శాసనసాక్ష్యము స్పష్టముగా దెలుపునది వేఱు: చాంతిసిరి బుద్ధునికి నిలిపిన స్తంభములపైననే సోదరుని యశ్వమేధమును కొనియాడెను. వీరపురుషదత్తుని కుమారుడైన ఎహువుల చాంతమూలుని కాలమున భట్టిదేవి విహారమును, సేనాని ఎలిసిరి సర్వదేవాలయమును గట్టించిరి.

రోములో నేమాయెను? 313లో స్వాతంత్ర్యముగా నారంభమైనది, 391వ సంవత్సరము నాటికి థియొడోసియసు శాసనముచే పూర్వదేవతల పూజకే నిషేధమయ్యెను. నిన్న బాధితులైనవారి మతము నేడు బాధకుల చేతి దండమయ్యెను.

కావున చదువరులారా, రాజు ఏ మతమున జేరెనని మాత్రమే యడుగరాదు. చేరిన పిమ్మట అన్యులకు చోటు మిగిల్చెనా యని యడుగవలెను. ఈ ప్రశ్న సింహాసనమునకే గాదు, ప్రతి గృహయజమానునకును వర్తించును. తన విశ్వాసమును మార్చుకొను హక్కు గోరువాడు, తన యింటి యాడువారి విశ్వాసమునకును ఆ హక్కునే యీయవలదా?