వాడికి పోయింది కాళ్లే కదా!

ముందు ఆ టీ తాగండి, చల్లారిపోతోంది. ఏడుపు తర్వాత చూసుకుందాం.

"వెన్నెముక దెబ్బతింది, వెనక్కాళ్లు ఇక రావడం కష్టం" అని డాక్టరుగారు అనగానే మనకి కాళ్లూ చేతులూ ఆడవు కదూ? బండి కింద పడ్డ వీధి కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకున్నా అంతే, ఏళ్ల తరబడి ఒళ్లో పెంచుకున్న డాక్స్‌హండ్‌కి ఒకరోజు వెన్నుపూసల మధ్య డిస్క్ జారినా అంతే. (పొడుగు నడుం జాతులకి ఈ బాధ ఎక్కువ. సోఫాల మీంచి దూకనివ్వద్దని పోరేది అందుకే. ఉన్నట్టుండి కాళ్లు పడిపోతే మాత్రం రేపు చూద్దాంలే అనకుండా ఆ రోజే పరుగెత్తాలి.) మనం రాత్రంతా నిద్రపోం. వాడేమో తెల్లారేసరికి ముందుకాళ్ల మీద ఈడ్చుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, పెరుగన్నం ఇంకా కలపలేదేంటని మొహంలోకి చూస్తాడు. నిన్నటిదాకా పరుగెత్తేవాడినే అన్న దిగులు మనకున్నంతగా వాడికి ఉన్నట్టు కనిపించదు. కాబట్టి జాలి కాస్త తగ్గించుకుని, వాడికి ఏ వేళకి ఏం కావాలో చూద్దాం.

అసలు కష్టం నడకతో కాదమ్మా, మూత్రంతో. ఈ మాట మనకి ఎవరూ ముందుగా చెప్పరు. వెన్నులో నరాలు దెబ్బతింటే చాలామందికి మూత్రసంచి తనంతట తాను ఖాళీ అవ్వదు. నిండిపోయాక పొర్లి, చుక్కలు చుక్కలుగా కారుతుంది. పక్కంతా తడిసింది కదా, వాడే పోసుకుంటున్నాడులే అని మనం నిశ్చింతగా ఉంటాం. లోపల నిలవున్న మూత్రం ఇన్‌ఫెక్షన్ తెచ్చి కూర్చుంటుంది. అందుకే రోజుకి మూడు నాలుగు సార్లు మనమే నొక్కి తీయించాలి.

భయమేస్తోందా? మొదట్లో అందరికీ వేస్తుంది. వాడిని నిలబెట్టి పట్టుకోండి, లేదా పక్కకి పడుకోబెట్టండి. తొడలకి కాస్త ముందు, పొట్టకి అటొక అరచెయ్యి, ఇటొక అరచెయ్యి ఆనించి తడమండి. నీళ్లు నింపిన బెలూన్‌లా ఒకటి చేతికి తగులుతుంది. వేళ్లతో పొడవకుండా, అరచేతులతో నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో నొక్కి పట్టుకోవాలి. ధార మొదలయ్యాక ఆగిపోయేదాకా చెయ్యి తీయకూడదు. ఇంత చెప్పాను కదా అని ఇది చదివి మొదలుపెట్టకండి! డాక్టరుగారి చేతి కింద మీ చెయ్యి పెట్టి నేర్చుకోండి. ఒకసారి కాదు, చేతికి పట్టుబడేదాకా అడగండి, మొహమాటం వద్దు. లోపల ఏదైనా అడ్డుపడి ఉంటే నొక్కడం ప్రమాదం. అందుకే ధార రాకపోతే బలం ప్రయోగించకుండా ఆసుపత్రికి వెళ్లిపోవాలి. రంగు మడ్డిగా మారినా, ఎర్రజీర కనపడినా, వాసన మారినా పరీక్ష చేయించాలి.

ఇక పుండ్లు. మన ఇళ్లలో గ్రానైటూ టైల్సూ చూడ్డానికి బాగుంటాయి గానీ, వాటి మీద వాడికి పట్టు దొరకదు. వీధిలో సిమెంటు మీద ఈడ్చుకుంటే చర్మం లేచిపోతుంది. నొప్పి తెలియదు కాబట్టి వాడు ఆగడు. తిరిగే దారిలో పాత యోగా మ్యాట్‌లు పరవండి. కాళ్లకి పిల్లల సాక్సులు తొడగండి, బిగుతుగా రబ్బరు బ్యాండ్లు మాత్రం వెయ్యకండి. ఒకే పక్కకి పడుకుని ఉంటే తుంటి ఎముకల దగ్గర ముందు ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది. మందపాటి పరుపు వేసి, కొన్ని గంటలకోసారి అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. రోజూ స్నానం అక్కర్లేదు, తడిసిన చోట కడిగి పొడిగా తుడిస్తే చాలు. పసిపిల్లల డైపర్‌కి తోక పట్టేంత కన్నం చేస్తే సరిపోతుంది. అయితే పొద్దున వేసింది రాత్రిదాకా ఉంచితే ఒరుసుకుపోతుంది. వానాకాలంలో ఈగలు చిన్న గాయం మీదైనా గుడ్లు పెడతాయి, పురుగులు పడతాయి. రోజుకోసారి తోక ఎత్తి చూడడం అలవాటు చేసుకోండి.

ఇల్లు వాసనొస్తోందని ఫినాయిల్ సీసా చేతికందుతుంది కదూ మనకి? పిల్లులున్న ఇంట్లో అది వద్దే వద్దు, పాదాలకంటినది నాకి విషం తెచ్చుకుంటాయి. నొప్పనుకుని మన మాత్రలూ వెయ్యకండి. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబుప్రొఫేన్ కుక్క కడుపునీ కిడ్నీలనీ పాడుచేస్తుంది.

చక్రాల బండి సంగతి అడుగుతారని తెలుసు. ముందుకాళ్లలో బలం ఉంటే తప్పకుండా కొనండి, లేదా పీవీసీ పైపులతో చేయించండి. కొలతలు మాత్రం సరిగ్గా ఉండాలి. మొదట్లో పది నిమిషాలు చాలు. బండిలో ఉండగా వాడు హాయిగా పడుకోలేడు, అందుకే కట్టేసి మన పనుల్లో మనం పడిపోకూడదు.

చూపు పోయినవాళ్లకి ఇంత తతంగం లేదు. సోఫా, నీళ్ల గిన్నె ఎక్కడివక్కడ ఉంచి, ముట్టుకునే ముందు పిలిస్తే చాలు. చెవులు పోతే చేతి సైగలు. మూడు కాళ్ల వాడికైతే ఒకటే మాట, బరువు పెరగనివ్వకండి. మిగిలిన కీళ్ల మీద భారం పడుతుంది. పాపం, జాలితో రెండు ముద్దలు ఎక్కువ పెట్టేది మనమే!

మీ ఊళ్లో డాక్టరుగారు చేతులెత్తేస్తే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో ఒకసారి చూపించండి. ఎక్స్‌రేలు, పాత చీటీలు అన్నీ ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి.

ఇక పక్కింటావిడ. "ఎందుకమ్మా ఈ తిప్పలు, ఓ ఇంజెక్షన్ చేయించెయ్యక" అంటుంది. మీ కష్టం చూడలేకే అంటుంది, కోపం తెచ్చుకోకండి. ఊరవతల వదిలేసి రమ్మనే పెద్దమనుషులకి మాత్రం, ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమని చెప్పండి.

ఆ ఇంజెక్షన్ మాట ఎప్పటికీ తలపెట్టకూడదని నేననను. మందులకి లొంగని నొప్పి, ఇష్టమైన తిండి పెట్టినా మొహం తిప్పుకోవడం, మనం వచ్చినా తల ఎత్తకపోవడం... ఇవి రోజుల తరబడి ఉంటే డాక్టరుగారితో దాపరికం లేకుండా మాట్లాడాలి. క్యాలెండర్‌లో మంచి రోజుకొక టిక్కు, చెడ్డ రోజుకొక సున్నా పెట్టుకుంటూ రండి. మనసు అటూ ఇటూ ఊగేటప్పుడు ఆ కాగితమే అక్కరకొస్తుంది. డైపర్లు మార్చలేక విసుగొచ్చిన రోజు, ఆ విసుగు మనది. దాన్ని వాడి ఖాతాలో వెయ్యకండి.

విసుగు రావడం తప్పేం కాదు. వంగి వంగి నడుం పోతుంది, పెళ్లికి పిలిస్తే వెళ్లలేం, "ఇంట్లో కుక్కని చూసుకోవాలి" అంటే నవ్వుతారు. దీనికి మందు ఒకటే ఉంది. ఇంట్లో ఇంకొకరికి పని రావాలి. ఈ ఆదివారం మీ ఆయన్నో, మీ పెద్దవాడినో కూర్చోబెట్టి మూత్రం తీయించడం నేర్పించండి. మొదటిసారి చొక్కా తడుపుకుంటారు, తడుపుకోనివ్వండి. మీరు పక్కనుండి "ఇలా కాదు, అలా కాదు" అని చెయ్యి లాక్కున్నారో, వచ్చే మాఘమాసం పెళ్లిళ్లకీ మీరు ఇంట్లోనే ఉంటారు!