కార్జం కూర: ఎవరికి మంచిది? ఎవరికి కాదు?

ఆదివారం వస్తే మాంసం కొట్టు దగ్గర జనం గుమిగూడతారు. కొందరు మెత్తని మాంసం అడుగుతారు. కొందరు కార్జం వేయమంటారు. కొందరు బోటి కొంటారు. ఇంకొందరు తలకాయ, కాళ్లు పట్టుకెళతారు.

కార్జాన్నే పుస్తకాల్లో కాలేయం అంటారు. తెలంగాణలో చాలామంది కలీజా అంటారు. పొట్ట, పేగులు కలిపితే బోటి. గుండె, మెదడు, మూత్రపిండాలు కూడా వండుకునేవాళ్లున్నారు.

"కార్జం తింటే రక్తం పడుతుంది" అని పెద్దలు అంటారు. ఈ మాటలో నిజం ఉంది. కానీ అది అందరికీ, అన్ని వేళలా సరిపోదు. ఎందుకో తెలుసుకుందాం.

కార్జంలో ఏముంది?

రక్తం తయారు కావాలంటే ఇనుము కావాలి. ఆడవారికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. మగవారికి 19 మిల్లీగ్రాములు చాలు. 100 గ్రాముల గొర్రె కార్జంలో సుమారు 7 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంతే మాంసంలో ఇందులో సగం కూడా ఉండదు.

ఆకుకూరల్లో, పప్పుల్లో కూడా ఇనుము ఉంది. కానీ దానిలో ఒంటికి పట్టేది కొంచెమే. మాంసంలో, కార్జంలో ఉన్న ఇనుము తేలిగ్గా పడుతుంది.

కార్జంలో బి12 అనే విటమిన్ చాలా ఎక్కువ. ఇది రక్తానికీ, నరాలకూ అవసరం. ఆకుల్లో, గింజల్లో ఇది దొరకదు. విటమిన్ ఏ కూడా కార్జంలో నిండుగా ఉంది. ఈ విటమిన్ లేకపోతే రేచీకటి వస్తుంది. మునిమాపు వేళ కళ్లు కనబడవు.

మన దేశంలో 2019-21లో ఒక సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. అంటే ఇద్దరిలో ఒకరికి మించి. అందుకే ఈ సంగతి అందరికీ తెలియాలి.

మన తెలుగువాడు చేసిన మేలు

1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు ఒక పని చేశారు. ప్రాణం తీసే ఒక రకం రక్తహీనతకు అప్పటిదాకా మందు లేదు. ఆ రోగులకు వాళ్లు రోజూ కార్జం తినిపించారు. రోగులు కోలుకున్నారు. 1934లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లకు ముందు కుక్కల మీద ఇలాంటి పరీక్షలు చేసిన విపుల్‌కు కూడా అందులో వాటా దక్కింది.

కార్జంలో రక్తాన్ని పెంచేది ఏది? శాస్త్రజ్ఞులు వెతికారు. ఒకటి బి12. దాన్ని 1948లో వేరుచేశారు. ఇంకొకటి ఫోలిక్ ఆమ్లం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పనిచేసేవారు. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఇవాళ గర్భిణులకు ఇచ్చే బిళ్లల్లో ఉన్నది అదే.

అత్త, నర్సమ్మ

ఒక ఊళ్లో ఒక కోడలికి మూడో నెల. కళ్లు తెల్లగా పాలిపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పరీక్ష చేస్తే రక్తం 8 గ్రాములే ఉంది. గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు.

అత్తకు కోడలంటే ప్రాణం. రోజూ కార్జం వండి పెట్టసాగింది. ఆస్పత్రిలో ఇచ్చిన బిళ్లలు మాత్రం గూట్లోనే ఉన్నాయి. ఒకరోజు నర్సమ్మ ఇంటికి వచ్చింది.

"బిళ్లలు వేసుకుంటోందా పెద్దమ్మా?"

"బిళ్లలెందుకమ్మా? కార్జం పెడుతున్నాగా. అయినా బిళ్లలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందంటారు."

"అది ఉత్త మాట. ఇనుము బిళ్లలకు విరేచనం నల్లగా అవుతుంది, అంతే. బిడ్డ రంగు మారదు."

"మరి కార్జం మంచిది కాదా?"

"మంచిదే. కానీ దాన్లో విటమిన్ ఏ మరీ ఎక్కువ. వంద గ్రాముల కార్జంలో వారం రోజులకు సరిపడా ఉంటుంది. ఎక్కువైంది బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. మొదటి నెలల్లో అలా ఎక్కువైతే కడుపులో బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు."

అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! మేలనుకున్నానే!"

"భయపడకు పెద్దమ్మా. ఇవాళ్టి నుంచి మానెయ్యండి. గుడ్డు, పప్పు, ఆకుకూర, మామూలు మాంసం పెట్టు. ఇప్పుడు ఫోలిక్ ఆమ్లం బిళ్ల వెయ్యాలి. నాలుగో నెల రాగానే ఇనుము బిళ్లలు. మామూలుగా రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు. కోడలికి రక్తం బాగా తక్కువ. రేపే డాక్టరమ్మకు చూపిద్దాం. ఎన్ని వెయ్యాలో ఆమె చెబుతుంది."

అత్త లేచి గూట్లోంచి బిళ్లలు తీసింది. కోడలికి నీళ్లు ఇచ్చింది.

ఇంకా ఎవరు జాగ్రత్తపడాలి?

కీళ్లవాతంలో ఒక రకం ఉంది. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి కాలి బొటనవేలు వాచి, మండిపోతుంది. ఈ జబ్బు ఉన్నవారు కార్జం, మూత్రపిండాలు మానాలి.

గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి. మెదడులో కొలెస్టరాల్ చాలా ఎక్కువ.

తలసీమియా పిల్లలకు మాటిమాటికీ రక్తం ఎక్కిస్తారు. దానివల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. వాళ్లకు కార్జం పెట్టకూడదు. రక్తం లేదు కదా అని పెడితే ముప్పు.

ఏ జబ్బూ లేనివారు వారానికి ఒకసారి చిన్న గిన్నెడు తింటే చాలు. ఏడాది దాటిన పిల్లలకు ఒకటి రెండు చిన్న ముక్కలు మెత్తగా ఉడికించి పెట్టాలి.

కొనేటప్పుడు, వండేటప్పుడు

కార్జం నిగనిగలాడుతూ ఎర్రగా ఉండాలి. వాసన రాకూడదు. తెల్లని నీటి బుడగలు గానీ, ఆకులాంటి జలగలు గానీ కనబడితే కొనవద్దు. కార్జం తొందరగా పాడవుతుంది. తెచ్చిన రోజే వండాలి. బోటిని వేడినీళ్లతో గీకి, చాలాసార్లు కడగాలి. కోడి కార్జం లోపల ఎర్రగా మిగలకుండా బాగా ఉడకాలి. పచ్చిమాంసం కోసిన కత్తి, పీట కడిగాకే కూరగాయలు తరగాలి.

కుక్కలకు వేయవద్దు

నీటి బుడగలున్న కార్జాన్ని, ఊపిరితిత్తుల్ని కొందరు కుక్కలకు విసిరేస్తారు. ఇది పెద్ద తప్పు. ఆ బుడగల్లో బద్దెపురుగు పిల్లలుంటాయి. కుక్క తింటే అవి దాని పేగుల్లో పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క విరేచనంతో బయటపడతాయి. మట్టి చేతులతో అన్నం తింటే, కడగని ఆకుకూర తింటే మన కడుపులోకి చేరతాయి. ఏళ్ల తరబడి తెలియకుండానే మన కార్జంలో అలాంటి బుడగలే పెరుగుతాయి. ఒక్కోసారి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అందుకే అలాంటి కార్జాన్ని కాల్చాలి. లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చాలి.

గుర్తుంచుకోండి

కార్జం తినని వారు దిగులుపడక్కర్లేదు. పప్పులు, ఆకుకూరలు, రాగులు తిని, పైన నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఇనుము సరిగా పట్టదు. వట్టి కాళ్లతో తిరిగితే కొంకిపురుగులు ఒంట్లో చేరి రక్తం పీలుస్తాయి. చెప్పులు వేసుకోవాలి. మరుగుదొడ్డి వాడాలి.

జవాబులు చెప్పండి

1. గర్భిణి రోజూ కార్జం ఎందుకు తినకూడదు?
2. గర్భిణికి రక్తం ఎన్ని గ్రాములకు తగ్గకూడదు?
3. తలసీమియా ఉన్న పిల్లలకు కార్జం ఎందుకు పెట్టకూడదు?
4. మీ ఊళ్లో మాంసం కొట్టు దగ్గర పనికిరాని భాగాలు ఏం చేస్తున్నారు? చూసి వచ్చి నాలుగు వాక్యాలు రాయండి.